ఉన్నత పాఠశాలలో రసాయన శాస్త్రము - పంచాయతీ సభ్యులకు ఒక పాఠము

గ్రామ ప్రజలకు మంచినీరు సరఫరా చేయు బాధ్యత పంచాయతీది. ఆ నీటిలో ఏమున్నదో తెలిసికొను విద్యను ఉన్నత పాఠశాలలో పిల్లలు చదువుచున్నారు. పంచాయతీ కార్యాలయమునకును పాఠశాలకును నడుమ దూరము సాధారణముగా ఒకటి రెండు వీధులకు మించి యుండదు. అయినను ఒకచోట నీటి పరీక్షల పెట్టె బీరువాలో మూతపడి యుండును. మరియొకచోట పిల్లలు పరీక్ష చేయకయే దాని ఫలితమును కంఠస్థము చేయుచుందురు. ఇట్టి స్థితి అనేక గ్రామములలో కనబడుచున్నది.

ఈ వ్యాసములో మేము చెప్పదలచిన విషయము ఒక్కటే. ఉన్నత పాఠశాలలోని రసాయన శాస్త్రమును, పంచాయతీ నిత్యము చూచుకొను నీరు, నేల, పంట అను విషయములను వేరువేరుగా భావింపరాదు. పిల్లలు తమ ఊరి నీటితో, తమ ఊరి మట్టితో ఆ పాఠమును నేర్చినచో చదువు నిలుచును. ఊరికిని మేలు కలుగును. ఇందుకు పంచాయతీ సభ్యులు శాస్త్రజ్ఞులు కానక్కరలేదు. పాఠమున ఏమున్నదో కొంత తెలిసికొని, దాని వెనుక నిలిచిన చాలును.

రెడ్డిగూడెము మండలము

ఉదాహరణకు ఎన్.టి.ఆర్. జిల్లా తిరువూరు డివిజనులోని రెడ్డిగూడెము మండలమును తీసికొందము. 2022 ఏప్రిలు 4వ తేదీన జిల్లాల పునర్విభజన జరుగువరకు ఈ మండలము కృష్ణా జిల్లాలో నుండెను. ఇది మెట్టప్రాంతము. నూజివీడు, విస్సన్నపేట, మైలవరము వైపు వలెనే ఇచ్చటను మామిడితోటలు ప్రసిద్ధి. సాగునకేమి, త్రాగుటకేమి బోరుబావులపై ఆధారపడు పల్లెలు ఈ మెట్టలో తక్కువ కావు. కావున ఈ ప్రాంతపు రైతునకు మూడు ప్రశ్నలు ఎప్పుడును ఎదురగుచుండును. బోరునీరు త్రాగుటకు పనికివచ్చునా? కాయను ఏ విధముగా మాగబెట్టవలెను? నేలకు ఏ ఎరువు ఎంత వేయవలెను? ఈ మూడును రసాయన శాస్త్రపు ప్రశ్నలే. ఈ మూడింటికిని కావలసిన మూలసూత్రములు పదవ తరగతి దాటకముందే పిల్లల పుస్తకములలో ఉన్నవి.

పాఠములలో ఏమున్నది?

మన దేశములో మొదటి పది సంవత్సరముల చదువులో విజ్ఞానశాస్త్రము, గణితము అందరికిని నిర్బంధముగా నేర్పవలెనని డాక్టరు డి.ఎస్. కొఠారీ అధ్యక్షతన 1964లో నియమింపబడిన విద్యాసంఘము 1966లో సిఫారసు చేసినది. అందువలన నేడు ఏ పల్లెలోని బాలుడైనను, బాలికయైనను పదవ తరగతి పూర్తి చేయుటకు రసాయన శాస్త్రమును కొంత చదువవలసినదే.

ఎనిమిది, తొమ్మిది తరగతులలో పదార్థ స్వభావము, మిశ్రమములను వేరుచేయు పద్ధతులు, పరమాణువు, అణువు మొదలగు విషయములు వచ్చును. పదవ తరగతిలో రసాయన చర్యలు, వాటి సమీకరణములు; ఆమ్లములు, క్షారములు, లవణములు; లోహములు, అలోహములు; కర్బనము, దాని సమ్మేళనములు అను పాఠములు ముఖ్యమైనవి. పేర్లు వినిన కొంత బెదురు కలుగవచ్చును. కాని బ్లీచింగు పౌడరు, సున్నము, సబ్బు, ఇనుపత్రుప్పు, వంటగ్యాసు, ఇవన్నియు ఆ నాలుగు పాఠములలోనివే.

ఇంటిలో నున్న శాస్త్రము

రసాయన శాస్త్రము పట్టణపు విద్య అని కొందరి భావము. ఇది సరికాదు. పటిక, సున్నము, గంధకము, సురేకారము, నవసాగరము, మైలతుత్తము, వెలిగారము అను మాటలు మన పల్లెలలో ప్రయోగశాలలు పుట్టకముందే వాడుకలో నున్నవి. పుస్తకములోని కాపర్ సల్ఫేటు మన మైలతుత్తమే. అమోనియం క్లోరైడు మన నవసాగరమే. ఈ సంగతి ఉపాధ్యాయుడు చెప్పిననాడు పిల్లవానికి ఆ పాఠము పరాయిది కాదు.

పసుపునకు సున్నము తగిలిన ఎరుపెక్కునని ప్రతి ఇల్లాలికిని తెలియును. పారాణి తయారగుట ఈ విధముగానే. పాఠ్యపుస్తకములో దీనినే సూచిక అందురు. పసుపు అద్దిన కాగితము సున్నపు నీటిలోను, సబ్బునీటిలోను ఎరుపెక్కును. నిమ్మరసములో పసుపుగానే యుండును. మొదటిది క్షారమనియు, రెండవది ఆమ్లమనియు పిల్లలు దీనివలన గుర్తింతురు. మందారపూల రసమును ఇట్టి సూచికగా పనికివచ్చును. చింతపండుతో ఇత్తడి చెంబు తోమిన తళతళలాడుట, చింతపండులోని ఆమ్లము లోహముపై పేరుకొన్న మకిలిని కరగించుట వలననే.

గోడకు సున్నము కొట్టిన రెండు మూడు దినములకు మెరుపు వచ్చును. తడిసున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని గట్టి సున్నపురాయిగా మారుటయే దీనికి కారణము. తేటసున్నపు నీటిలోనికి గొట్టముతో ఊపిరి ఊదిన ఆ నీరు పాలవలె తెల్లబడును. గోడమీద జరుగు చర్యయు, గాజుగొట్టములో జరుగు చర్యయు ఒక్కటే. ఇట్టి ప్రయోగములకు ఖర్చు లేదు. నాలుగు గాజు గ్లాసులు, ఇంత సున్నము, ఇంత పసుపు చాలును.

మొదటి పాఠము - నీరు

ఒక గ్లాసెడు నీరు తేటగా నున్నది కదా, రుచిగా నున్నది కదా అని మంచిదని నిర్ణయింపరాదు. నీటిలో కరగియున్న లవణములు కంటికి కనబడవు. ఫ్లోరైడునకు రంగు లేదు, వాసన లేదు. ఫ్లోరైడు గల నీటివలన ఎముకలకు వ్యాధి కలుగుచున్నదని నాటి మద్రాసు రాష్ట్రములోని నెల్లూరు జిల్లా గ్రామములను పరిశీలించిన వైద్యులు 1937లో ప్రకటించిరి. మన దేశములో ఈ వ్యాధిని గూర్చి వెలువడిన తొలి వివరములు తెలుగు పల్లెల నుండియే వచ్చినవన్నమాట. తరువాత ఫ్లోరైడును తొలగించుటకు నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ వారు పటిక, సున్నము, బ్లీచింగు పౌడరు ఉపయోగించు ఒక సులభ పద్ధతిని రూపొందించిరి. ఆ పద్ధతికి నల్లగొండ పేరే నిలిచిపోయినది.

త్రాగునీటికి భారత ప్రమాణముల సంస్థ 2012లో సవరించిన కొలతలలో కొన్నింటిని సభ్యులు గుర్తుంచుకొనుట మంచిది. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చును. వేరొక నీటి వసతి లేనియెడల 1.5 వరకు సహింపవచ్చును. నైట్రేటు 45 మిల్లీగ్రాములు మించరాదు. కరగియున్న మొత్తము లవణములు 500 మిల్లీగ్రాముల లోపు ఉండుట మంచిది. గత్యంతరము లేనిచోట 2,000 వరకు సహింపవచ్చును. నీటి పి.హెచ్. విలువ 6.5కును 8.5కును మధ్య ఉండవలెను.

ఈ సందర్భమున ఒక పొరబాటు అభిప్రాయమును తొలగింపవలసి యున్నది. నీటిని కాచిన సర్వదోషములు పోవునని పలువురు నమ్ముదురు. కాచుటవలన రోగక్రిములు చచ్చుట నిజము. కాని ఫ్లోరైడు, నైట్రేటు మొదలగునవి పోవు. కొంత నీరు ఆవిరియగుటచే మిగిలిన నీటిలో వాటి పాలు కొంచెము పెరుగును. ద్రావణములను గూర్చిన పాఠము చదివిన బాలిక ఈ సంగతిని తన తల్లికి చెప్పగలదు.

నైట్రేటు సంగతియు పంచాయతీ వారు ఆలోచింపదగినది. పెంటకుప్పలు, మరుగుదొడ్ల గుంటలు బావికి దగ్గరగా నున్నచోట్ల, ఎరువులు అధికముగా వేయు చేలచెంత, ఇది నేలలోనికి ఇంకి భూగర్భజలములో చేరును. నెలల పసిబిడ్డలకు అట్టి నీటితో పాలు కలిపి పట్టిన రక్తము ప్రాణవాయువును మోయు శక్తి తగ్గును. కావున పెంటకుప్ప ఎచ్చట ఉండవలెనను పంచాయతీ తీర్మానముకూడ ఒక విధముగా రసాయన శాస్త్రపు తీర్మానమే.

ఇదే తిరువూరు డివిజనులోని ఎ. కొండూరు మండలపు తండాలలో మూత్రపిండముల వ్యాధి పలు కుటుంబములను బాధించిన సంగతి సభ్యులకు తెలిసినదే. అట్టి వ్యాధికి కారణమును నిర్ణయించుట వైద్యులకు, పరిశోధకులకు చెందిన పని. బడిపిల్లల పరీక్షతో తేలునది కాదు. అయినను ఒక సంగతి స్పష్టము. ఏటేట, ప్రతి బోరు నీటి కొలతలు వ్రాసి ఉంచిన గ్రామము తన కష్టమును అధికారులకు అంకెలతో చెప్పగలదు. పుస్తకము లేని గ్రామము నోటిమాటగా మాత్రమే చెప్పగలదు.

2019 ఆగస్టు 15న ప్రకటింపబడిన జల జీవన్ మిషన్ క్రింద గ్రామములకు నీటి పరీక్షల పెట్టెలు ఇచ్చుట, ప్రతి గ్రామములో ఐదుగురు స్త్రీలకు వాటి ఉపయోగమున శిక్షణ ఇచ్చుట కార్యక్రమములో చేర్చిరి. ఆ పెట్టెలో చుక్కలమందు వేసి రంగును పోల్చి చూచు పద్ధతులే ఉండును. పి.హెచ్., కాఠిన్యము, క్లోరైడు, ఫ్లోరైడు, నైట్రేటు, ఇనుము, మిగులు క్లోరిను మొదలగువానిని దీనితో అంచనా వేయవచ్చును. శిక్షణ పొందిన అక్కచెల్లెండ్రు ఆ పరీక్షను నెలకొకసారి ఉన్నత పాఠశాలలో, ఉపాధ్యాయుని సమక్షమున, పిల్లల కన్నులయెదుట చేసినచో ఒక్క పనికి రెండు ఫలములు కలుగును. పెట్టెలో దోషము కనబడిన నీటిని తప్పక గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు పంపి నిర్ధారణ చేసికొనవలెను.

బ్లీచింగు పౌడరు లెక్క

పంచాయతీ వారు తరచుగా కొను రసాయనము బ్లీచింగు పౌడరు. ఇది పొడి సున్నముపై క్లోరిను వాయువును పంపగా తయారగును. పదవ తరగతి పుస్తకములో దీనిని గూర్చి పాఠమున్నది. గ్రామములో మాత్రము సాధారణముగా గుప్పెటతో కొలిచి ట్యాంకులో పోయుచుందురు. ఇది రెండు విధముల నష్టము. తక్కువైన క్రిములు చావవు. ఎక్కువైన వాసనకు జంకి జనులు ఆ నీటిని విడిచి చెరువునీటికో, పాతబావికో పోవుదురు.

లెక్క కష్టమైనది కాదు. 40,000 లీటర్ల ట్యాంకు ఉన్నదనుకొందము. లీటరునకు 2 మిల్లీగ్రాముల క్లోరిను వేయదలచితిమి. మొత్తము 80,000 మిల్లీగ్రాములు, అనగా 80 గ్రాముల క్లోరిను కావలెను. మంచి పౌడరులో నూటికి 32 పాళ్లు పనిచేయు క్లోరిను ఉన్నదనుకొనిన 250 గ్రాముల పౌడరు చాలును. కాని అదే పౌడరు మూతలేని సంచిలో, తేమలో, వేడిలో కొంతకాలము పడియున్న దాని శక్తి క్షీణించును. నూటికి 16 పాళ్లకు దిగినచో 500 గ్రాములు వేసినగాని అదే ఫలము రాదు. కావున నిరుటి సంచిలోని పౌడరును ఈ ఏటి కొలతతో వేసి, మందు వేసితిమి కదా అని నిశ్చింతగా నుండరాదు.

ఏ నీటికి ఎంత క్లోరిను కావలెనో ఆ నీటిలోని మలినమును బట్టి మారును. కావున చివరి పరీక్ష కుళాయివద్దనే చేయవలెను. మందు కలిపిన అరగంట తరువాత, ఊరి కొసన నున్న కుళాయిలో కూడ లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియున్న, నీరు త్రోవలో చెడలేదని అర్థము. పౌడరును నేరుగా ట్యాంకులో చల్లక, బకెట్టులో నీటితో కలియబెట్టి, సున్నపుమడ్డి క్రిందికి దిగిన పిదప పైతేటను మాత్రమే ట్యాంకులో పోయవలెను.

ఈ లెక్కను పదవ తరగతి పిల్లలచేత, తమ ఊరి ట్యాంకు కొలతతో చేయించుడు. పొడవు, వెడల్పు, లోతు వారే కొలిచి నోటుపుస్తకములో వ్రాయుదురు. ఆ లెక్క వారు మరువరు. పంచాయతీ పంపు ఆపరేటరుకును వ్రాసి ఇచ్చిన కొలత ఒకటి దొరకును.

రెండవ పాఠము - మామిడి

వేసవిలో రెడ్డిగూడెము పరిసరముల వ్యాపారమంతయు మామిడిపైననే సాగును. కోసిన కాయను తొందరగా పసుపురంగునకు తెచ్చుటకు కొందరు కార్బైడు పొట్లములను కాయల నడుమ ఉంచుదురు. ఇది చట్టవిరుద్ధము. ఆహార భద్రత, ప్రమాణముల చట్టము క్రింద 2011లో చేసిన నిబంధనలు కార్బైడుతో మాగబెట్టిన పండ్ల అమ్మకమును నిషేధించుచున్నవి. నిషేధమునకు కారణమేమి? దీనికి సమాధానము పదవ తరగతి పుస్తకపు కర్బన సమ్మేళనముల పాఠములో నున్నది.

కార్బైడునకు తేమ తగిలిన ఎసిటిలీను వాయువు పుట్టును. వెల్డింగు పనివారు మంటకు వాడు వాయువిదియే. అంగడిలో దొరకు కార్బైడు శుద్ధమైనది కాదు. దానిలో పాషాణమునకు మూలమైన ఆర్సెనిక్, భాస్వరము స్వల్పముగా కలిసియుండును. అందుచే విషవాయువులు కూడ పుట్టవచ్చును. ఆ పొడి చేతికంటిన కూలివారికిని, పండు తిన్నవారికిని అపాయము. పైపెచ్చు కాయ తోలు పచ్చబారినను లోపల పులుపు తగ్గదు.

పండు తనంతట మాగునప్పుడు దానిలోనే పుట్టు వాయువు ఇథిలీను. రెండు కర్బన పరమాణువులకు నాలుగు ఉదజని పరమాణువులు చేరిన అది ఇథిలీను. రెండే చేరిన అది ఎసిటిలీను. పుస్తకములో గీతల బొమ్మగా చూచిన ఈ చిన్న భేదము తోటలో ఎంత పెద్ద భేదమో గమనింపుడు. మూసిన గదులలో పది లక్షల పాళ్ల గాలికి 100 పాళ్లు మించకుండ ఇథిలీనును వాడుటకు ఆహార భద్రతా సంస్థ 2016లో అనుమతించినది. మన పెద్దలు కాయలను గడ్డిలో కప్పి మాగవేయుటలోను ఇదే సూత్రమున్నది. కాయల నుండి వచ్చు వాయువు చెదరిపోక గడ్డినడుమ నిలిచి మిగిలిన కాయలను మాగించును.

తోట యజమాని బిడ్డయు, కాయలు కోయు కూలివాని బిడ్డయు ఒకే బల్లపై కూర్చుండి ఈ పాఠము వినుచున్నారు. వారు విషయమును గ్రహించినచో కార్బైడు పొట్లమును గూర్చి ఇంటిలో మొదట ప్రశ్నించువారు వారే యగుదురు.

మూడవ పాఠము - నేల, ఎరువు

ఎరువుల సంచిమీద వ్రాసిన అంకెలను చదువుటకూడ రసాయన శాస్త్రమే. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. కావున 45 కిలోల సంచిలో నత్రజని 20.7 కిలోలు. డి.ఎ.పి. సంచిమీద 18-46 అని యుండును. అనగా 50 కిలోల సంచిలో నత్రజని 9 కిలోలు, భాస్వరపు పోషకము 23 కిలోలు. రెండు సంచుల ధరను పోల్చునప్పుడు సంచిని కాక లోపలి పోషకమును పోల్చవలెనని బడిపిల్లవాడు తండ్రికి లెక్కకట్టి చూపగలడు.

2015 ఫిబ్రవరి 19న దేశమున భూసార పత్రముల పథకము ప్రారంభమైనది. ఆ పత్రములో 12 అంశములుండును. పి.హెచ్., లవణ పరిమాణము, సేంద్రియ కర్బనము. నత్రజని, భాస్వరము, పొటాష్, గంధకము. జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాను. ఇందులో ప్రతి పేరును పిల్లలు పుస్తకములో చదివినదే. నేల పులిసినదైన సున్నము, క్షారపు చౌడైన జిప్సము వాడుదురు. ఏది ఎంత అన్నది పత్రమును చూపి వ్యవసాయాధికారి సలహాతో నిర్ణయించుకొనవలెను.

భీమవరమున పుట్టిన శాస్త్రజ్ఞుడు

భూసార పరీక్షలో భాస్వరమును కొలుచుటకు నీలిరంగు పుట్టించి, ఆ రంగు చిక్కదనమును బట్టి అంచనా వేయుదురు. రక్తములోని భాస్వరమును ఇట్టి నీలిరంగుతోనే కొలుచు సులభ పద్ధతిని 1925లో అమెరికాలోని హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి రూపొందించినవారు తెలుగువారైన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు. వీరు 1895 జనవరి 12న భీమవరములో జన్మించిరి. రాజమహేంద్రవరములో చదువుకొనిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసులో కృతార్థులైరి. పిదప లెడర్లీ పరిశోధనశాలలో వారి నాయకత్వమున పనిచేసిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లము నిర్మాణమును కనుగొని, దానిని తయారుచేసినది. నేడు గర్భిణీ స్త్రీలకు ఆరోగ్య కేంద్రములలో ఇనుముతో పాటు ఇచ్చు మాత్రలోని మందు ఇదియే. వారు 1948లో స్వర్గస్థులైరి.

ఒకసారి పరీక్ష తప్పిన పిల్లవానిని పశువుల వెంట పంపు తలిదండ్రులకు సభ్యులు ఈ సంగతి చెప్పుట మంచిది.

చేయక చదివిన నష్టమేమి?

ప్రయోగము లేని రసాయన శాస్త్రము కేవలము అక్షరముల మాల. పిల్లవాడు సమీకరణమును వ్రాయగలడు గాని అందులోని పదార్థము గట్టిదో, ద్రవమో, వాయువో చెప్పలేడు. పరీక్ష ముగిసిన నెలకు అదియు మరచును. ఆపై ఇంటర్మీడియట్‌లో ఎం.పి.సి. తీసికొన్నను, బై.పి.సి. తీసికొన్నను రసాయన శాస్త్రము తప్పదు. ఇంజనీరింగు, వైద్యము, వ్యవసాయము, ఔషధశాస్త్రము, ఈ మార్గములన్నింటికిని అది ఉమ్మడి ద్వారము. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షలోను దానికి స్థానమున్నది. రెడ్డిగూడెమునకు చేరువనున్న నూజివీడులో 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణమున్నది. పదవ తరగతి మార్కులపై గ్రామీణ విద్యార్థులకు అందు ప్రవేశము లభించును. అంత దగ్గర నున్న తలుపు మన పిల్లలకు మూసికొనిపోవుట పదవ తరగతి నాటి బలహీనత వలననే యైన, దానికి పిల్లలను మాత్రము నిందింపరాదు.

ముఖ్యముగా బాలికల సంగతి చెప్పవలసి యున్నది. ప్రయోగశాల లేదని, పై చదువునకు దూరము పోవలెనని, వారిని వేరు చదువులకు మరల్చు ఆచారము పోవలెను. ఇంటిలో నీరు, వంట, పసిబిడ్డల పాలు చూచువారు వారే. ఈ విద్య వారికి రెండింతలు అవసరము.

జాగ్రత్తలు

ప్రయోగములు మేలు చేయవలెనన్న క్రమశిక్షణ అవసరము. ఆమ్లమును పలుచన చేయునప్పుడు నీటిలో ఆమ్లమును కొద్దికొద్దిగా కలుపవలెను. ఆమ్లములో నీరు పోయరాదు. పోసిన వేడిమి పుట్టి ముఖముపై చిమ్మును. బ్లీచింగు పౌడరును ఆమ్లముల ప్రక్కను, ఎరువుల ప్రక్కను నిలువచేయరాదు. ఆమ్లము తగిలిన క్లోరిను వాయువు వెలువడి ఊపిరాడనీయదు. రసాయనముల బీరువాకు తాళము, సీసాలకు తెలుగులో వ్రాసిన పేరుచీటీలు, చేరువలో కుళాయి, ఇసుక బకెట్టు ఉండవలెను. పురుగుమందు డబ్బాలను ప్రయోగములకు గాని, నీటి నమూనాలకు గాని ఎన్నడును వాడరాదు. ఏ పదార్థమును నాలుకపై వేసి రుచి చూడరాదు.

పంచాయతీ ఏమి చేయవచ్చును?

ఉన్నత పాఠశాల జిల్లా పరిషత్తుది. ఉపాధ్యాయ నియామకము విద్యాశాఖది. అందులో పంచాయతీకి అధికారము లేదు. అయినను ఈ క్రింది పనులు పంచాయతీకి సాధ్యమే.

1. పాఠశాల ప్రయోగశాల గదికి కుళాయి నీరు ఇచ్చుట. నీరు లేని రసాయన ప్రయోగశాల పొయ్యి లేని వంటిల్లు వంటిది.

2. నీటి పరీక్షల పెట్టెను నెలకొక దినము పాఠశాలలో ఉపయోగించునట్లు ప్రధానోపాధ్యాయునితో మాట్లాడి నిర్ణయించుట.

3. ప్రతి బోరుకు ఒక పుట చొప్పున నీటి పుస్తకము పెట్టి, వానలకు ముందును వెనుకను కొలతలు వ్రాయించుట.

4. సమగ్ర శిక్ష పథకము క్రింద పాఠశాలకు వచ్చు వార్షిక గ్రాంటులో ప్రయోగశాల సామగ్రికి కొంత వినియోగించు విషయమును తలిదండ్రుల కమిటీ ద్వారా ప్రస్తావించుట.

5. భౌతిక రసాయన శాస్త్రముల ఉపాధ్యాయుని స్థానము ఖాళీగా నున్న, తీర్మానము చేసి జిల్లా విద్యాశాఖాధికారికి వెంటనే పంపుట.

6. మామిడి కోతలకు ముందు ఒక గ్రామసభలో పదవ తరగతి పిల్లలచేత కార్బైడును గూర్చి, భూసార పత్రమును గూర్చి పది నిమిషములు మాట్లాడించుట.

వీటిలో ఎక్కువ ఖర్చుతో కూడినది ఏదియు లేదు. కావలసినది శ్రద్ధ. 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించిన పెద్దలు శాస్త్రమును తెలుగువారికి తెలుగులో అందింపవలెనని శ్రమించిరి. నేడు పుస్తకము ప్రతి బడికిని చేరినది. అందులోని మాట చేతిలోనికి దిగవలసి యున్నది. ఆ మిగిలిన పనిలో గ్రామ పంచాయతీలకు పెద్ద పాలున్నది. సభ్యులు దీనిని తమ పనిగా స్వీకరింతురని ఆశించుచున్నాము.

సభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన ఊరి ట్యాంకు ఎన్ని లీటర్లు పట్టును? దానిలో ఎన్ని గ్రాముల బ్లీచింగు పౌడరు వేయుచున్నాము? ఆ కొలత ఎవరు నిర్ణయించిరి?

2. ఊరి కొస కుళాయిలో మిగులు క్లోరినును కడపటిసారి ఎప్పుడు పరీక్షించితిమి?

3. మన బోరులలో ఫ్లోరైడు, నైట్రేటు ఎంతయున్నవి? వ్రాసిన పుస్తకమున్నదా?

4. బావులకు, బోరులకు పెంటకుప్పలు ఎంత దూరమున నున్నవి?

5. మన ఉన్నత పాఠశాలలో పదవ తరగతి పిల్లలు ఈ సంవత్సరము తమ చేతులతో ఎన్ని ప్రయోగములు చేసిరి?